సొంత గొంతు, సంఘ గీతము: ఇంటిలో చేసిన ధ్వనిముద్రణలపై ఒక వేదాంత పరిశీలన

1. ఉపోద్ఘాతము

హనుమకొండ, కాజీపేట, వరంగల్ ప్రాంతాల సంఘాలలో ఈనాడు పాట రాయని యువజన కూటమి అరుదు. ఒక గదిలో కిటికీకి బొంత కట్టి, ఫ్యాను ఆపి, సెల్‌ఫోనులోనో చిన్న మైకులోనో పాడి, కంప్యూటరులో వాయిద్యాలు కలిపి, యూట్యూబులో పెడుతున్నారు. వీరికి కంపెనీ లేదు, జీతము లేదు. చాలామందికి సంగీత శిక్షణ కూడా లేదు. అయినను తమ పాటను సంఘము వినవలెనని, వీలైతే పాడవలెనని వీరి కోరిక. ఈ కోరికకు సంఘకాపరి ఏమని జవాబు చెప్పాలి? ఒక మనిషి ఏకాంతములో చేసికొన్న పాట సంఘ గీతము ఎప్పుడవుతుంది? ఈ వ్యాసము పరిశీలించేది ఈ ప్రశ్ననే.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల నుండి రాలేదు. 2021లో కరోనా రెండవ తరంగములో మా సంఘములోని ఒక యువకుని తల్లి ప్రభువునందు నిద్రించినది. సమాధి దగ్గర నలుగురమే ఉన్నాము. ముఖాలకు మాస్కులు ఉన్నాయి, కీర్తన పాడే గొంతు లేదు. కొన్ని వారాల తరువాత ఆ యువకుడు తానే రాసి, ఫోనులో రికార్డు చేసిన పాటను పెన్‌డ్రైవులో తెచ్చి, "అయ్యగారూ, ఆదివారము ఒక్కసారి వినిపించండి" అన్నాడు. "మనకు కీర్తనల పుస్తకము ఉన్నది కదా బాబూ, దీన్ని నీ దగ్గరే ఉంచుకో" అని నేను తిప్పి పంపాను. ఆ తరువాత చాలా నెలలు అతడు గాయక బృందములో కనబడలేదు. నా జవాబు వేదాంతపరముగా సరియైనదా కాదా అని వెదకుట ఇక్కడ నుండే ప్రారంభమైనది.

2. ఓరుగల్లు నేల నేర్పిన పాఠము

ప్రజల పాటకు పెద్దపీట వేయుట ఈ నేలకు కొత్త కాదు. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తాలను కాదని, జనుల నోట ఆడే ద్విపదలో తన శైవ భక్తిని చెప్పాడు. ఆయన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు మొదలైన జనపదాల పేర్లు కనబడతాయి. 13వ శతాబ్దములో గణపతిదేవుని గజసేనాధిపతి జాయప రచించిన నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయాలలో మొదటి నాలుగు మార్గ పద్ధతికి, తరువాతి నాలుగు దేశి పద్ధతికి కేటాయించబడ్డాయి. అనగా ఇక్కడి పండితులు శాస్త్రమునకు ఇచ్చిన చోటునే ప్రజల ఆటపాటలకును ఇచ్చారు.

సువార్త ఈ ప్రాంతమునకు వచ్చినప్పుడు కూడ ఇదే ప్రశ్న ఎదురైనది. పాత వరంగల్ జిల్లాలోని డోర్నకల్‌కు 1909లో మిషనరీగా వచ్చి, 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.యస్. అజరయ్యగారు తమిళుడు. తెలుగు ఆయన నేర్చుకొన్న భాష. అయినను పల్లె విశ్వాసులు తమ బాణీలలో, తమ వాయిద్యాలతో ప్రభువును స్తుతించుటను ఆయన ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠించబడిన డోర్నకల్ కథీడ్రల్ కట్టడములోనే ఈ దేశపు ఆలయాల, మసీదుల శిల్పరీతులు కనబడతాయి. రాతికి వర్తించిన నియమమే రాగమునకును వర్తించినది.

3. చౌదరిగారి నుండి సెల్‌ఫోను వరకు

తెలుగు క్రైస్తవ గీతము మొదటి నుండి వ్యక్తుల సొంత సాక్ష్యముగానే పుట్టినది. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) బ్రాహ్మణ కుటుంబములో జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, సువార్త ప్రకటిస్తూ కీర్తనలు కట్టారు. ఏ కమిటీయు ఆయనను పాటలు రాయమని నియమించలేదు. తన పాపభారము, తనకు దొరికిన క్షమాపణ, ఇవే ఆయన వస్తువు. ఆ కీర్తనలు ముందు నోటి నుండి నోటికి, తరువాత అచ్చులోనికి, చివరకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అను పుస్తకములోనికి చేరాయి. ఆ పుస్తకములో పాటపైన రాగము, తాళము పేర్లు నేటికిని అచ్చవుతున్నాయి. చదువురానివారు వాటిని రాగము పేరుతో కాదు, చెవితో నేర్చుకొన్నారు.

ఇది తెలుగువారికే పరిమితము కాదు. 1524లో జర్మనీలో వెలువడిన మొదటి లూథరన్ పాటల పుస్తకములో ఎనిమిది పాటలే ఉన్నాయి, వాటిలో నాలుగు లూథరువి. ఆ కాలములో ఒక్కొక్క పాట ఒక్కొక్క కాగితముపై అచ్చై బజారులో చవకగా అమ్ముడుపోయేది. ఆనాటి కాగితమునకును ఈనాటి సెల్‌ఫోనునకును ఈ విషయములో పోలిక ఉన్నది. రెండును పాటను పెద్దల అనుమతి కొరకు ఆగకుండా ఇంటింటికి తీసుకొని వెళ్ళాయి.

మన దగ్గర ఈ మార్పు మెట్టుమెట్టుగా జరిగినది. సీషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో 1970 మొదలు 2003 వరకు ప్రసారము చేసినది. అది ఎవరి పాట వినిపించాలో నిర్ణయించేది నిలయమే. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన క్యాసెట్టు 1980 దశకములో మన ఊళ్ళలో నిండినప్పుడు ఆ నిర్ణయము చాలామంది చేతులలోనికి వచ్చినది. క్యాసెట్టు వలన చిన్న ప్రాంతాల, చిన్న సమూహాల పాట మార్కెట్టులోనికి వచ్చినదని పీటర్ మాన్యుయేల్ ఉత్తర భారతదేశముపై 1993లో ప్రచురించిన గ్రంథములో వివరించాడు. మన సువార్త గాయకుల అనుభవమును అదే. 2005లో యూట్యూబు, 2016 తరువాత చవకైన మొబైలు డేటా వచ్చిన పిమ్మట క్యాసెట్టు ఖర్చు కూడా లేదు. నేడు పాటను ఆపగలిగే ద్వారపాలకుడు లేడు. గనుక పరీక్షించే బాధ్యత సంఘముపైనే పడినది.

4. బైబిలులో ఒక్కరి పాట అందరి పాటగుట

పరీక్షకు కొలత ఏది? రెండు వాక్యభాగాలు మనకు సహాయము చేస్తాయి.

మొదటిది హన్నా పాట (1 సమూయేలు 2:1-10). ఆమె కన్నీళ్ళు ఆమె సొంతవి, ఆమె వేదనను ఏలీ యాజకుడే అపార్థము చేసికొన్నాడు. అయితే ఆ పాటలో గొడ్రాలి ప్రస్తావన ఒక్క వచనములోనే (2:5) ఉన్నది. మిగిలినదంతా బలహీనులను లేవనెత్తే దేవుని గూర్చినది. అందువలననే అనేక శతాబ్దాల తరువాత నజరేతు కన్యక మరియ అదే భావమును తన పాటగా ఎత్తుకొనగలిగినది (లూకా 1:46-55). హన్నా తన కథను దాచలేదు, అయితే అక్కడే ఆగలేదు.

రెండవది 51వ కీర్తన. దావీదు వ్యక్తిగత పాపమునకు సంబంధించిన ఈ ఒప్పుకోలు కంటె ఏకాంతమైన పాట మరొకటి ఉండదు. అయినను దాని శీర్షికలో అది ప్రధాన గాయకునికి అప్పగించబడినది. ఇట్టి శీర్షిక 55 కీర్తనలకు ఉన్నది. అనగా గదిలో పుట్టిన ప్రార్థన ఆలయ గాయకుల చేతికి వచ్చినది. ఆ కీర్తన ముగింపు వచనాలు (51:18-19) సీయోను కొరకు, యెరూషలేము గోడల కొరకు ప్రార్థిస్తాయి. ఇంకొక మాట గమనించాలి. సంఘము పాడునప్పుడు ఆ కీర్తనలోని "నేను" "మేము"గా మార్చబడలేదు. ప్రతి ఒక్కడును ఆ "నేను"లో నిలబడి తన పాపమును ఒప్పుకొంటాడు.

కాబట్టి ఒక పాట సొంత అనుభవము నుండి పుట్టినది అనుట దానిని తిరస్కరించుటకు కారణము కాదు. దానిలో మరొకరు నిలబడుటకు చోటు ఉన్నదా అనునదే ప్రశ్న.

5. సంగీతము యొక్క అర్థము: వినుటా, పాడుటా?

పౌలు ఆత్మతోను మనస్సుతోను పాడెదనని చెప్పుచున్నాడు (1 కొరింథీ 14:15). కొలొస్సీ 3:16 ప్రకారము పాట దేవునికి స్తుతి మాత్రమే కాదు, ఒకరికొకరు చెప్పుకొనే బోధ కూడా. అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథము పదవ భాగములో, పాడబడిన సత్యము కంటె పాడిన గొంతు తనను ఎక్కువగా కదిలించిన సందర్భాలను పాపముగా ఎంచాడు, అయినను సంఘములో పాట ఉండవలెననే చెప్పాడు. బోన్‌హోఫర్ 1939లో ప్రచురించిన సహజీవన గ్రంథములో అందరు ఒకే స్వరముతో పాడుటను ఎంతో విలువైనదిగా చూశాడు, తన గొంతు వినబడాలని పాడేవాని గూర్చి హెచ్చరించాడు.

ఈ మాటలు నేటి ట్రాకులకు ఎట్లు వర్తిస్తాయి? ట్రాకు శ్రుతి, వేగము ముందే స్థిరపరచబడినవి. పాడిన యువకునికి అనువైన శ్రుతి స్త్రీలకు, వృద్ధులకు అనువుగా ఉండదు. పై స్థాయికి పోయిన చరణములో సగము సంఘము మౌనముగా ఉంటుంది. చరణాల మధ్య పొడుగాటి వాయిద్యము వచ్చినప్పుడు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. స్వరము తప్పినా సాఫ్టువేరు సరిచేస్తుంది, ఆ సరిచేసిన గొంతు విన్నవారికి తమ సహజమైన గొంతుపై సిగ్గు కలుగుతుంది. ఈ విధముగా మంచి పాట కూడా పాడే సంఘమును వినే సంఘముగా మార్చగలదు. ఆమోసు 5:23లో దేవుడు పాటల ధ్వనిని నిరాకరించుటకు కారణము స్వరము కాదు, న్యాయము లేని జీవితము. అయితే బీదలను, వృద్ధులను నోరు మూయించే పాట న్యాయమైన పాట అగునా అని మనము అడుగవచ్చు.

ఇంకొక వైరుధ్యము కూడా ఉన్నది. కీబోర్డులో మీట నొక్కితే వచ్చే డప్పు దరువును అంగీకరిస్తున్నాము. అయితే మన తాతలు కొట్టిన తోలు డప్పును అనేక సంఘాలలో గుమ్మము బయటనే ఉంచుతున్నాము. ఇది సంగీత విషయము కాదు, మన జ్ఞాపకమును గూర్చిన సిగ్గు.

6. హక్కుల విషయము

పాట చేసేవారు, పాడించేవారు చట్టమును కొంత తెలిసికొనుట మంచిది. 1957 నాటి భారత కాపీరైటు చట్టము ప్రకారము రచయిత హక్కు ఆయన మరణము తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. కనుక చౌదరిగారి సాహిత్యము ఎవరైనను పాడవచ్చు, రికార్డు చేయవచ్చు. అయితే ఒకరు చేసిన రికార్డింగుకు ప్రచురణ నుండి 60 సంవత్సరాలు వేరుగా హక్కు ఉంటుంది. ఇతరుల ట్రాకును మనదని పెట్టుకొనరాదు. నిజమైన మతపరమైన కార్యక్రమములో పాటను పాడుట, వినిపించుట ఉల్లంఘన కాదని 52వ సెక్షను చెబుతుంది. ఆరాధనను చిత్రీకరించి ఇంటర్నెట్టులో పెట్టుట వేరే సంగతి. దానికి అనుమతి అడుగుట క్షేమము. యువకుల పాటను వాడినప్పుడు వారి పేరు చెప్పుట చట్టము కంటె ముందు మర్యాద.

7. కాపరులకు సూచనలు

మొదట, పాటను వినండి. చేసినవారిని ఎదుట కూర్చోబెట్టుకొని పూర్తిగా వినండి. రెండవది, వాయిద్యము లేకుండా పాడించండి. అప్పుడు నిలిచిన పాట సంఘములోను నిలుస్తుంది. మూడవది, పుస్తకము పట్టుకొనలేని ఒక పెద్దామె పల్లవిని రెండుసార్లు విని తిరిగి పాడగలదా చూడండి. నాల్గవది, పాట ఎవరిని గూర్చి మాట్లాడుచున్నదో, వాక్యముతో ఏకీభవించునో పరీక్షించండి. అయిదవది, సంఘ గీతము కాదనిపించిన పాటను కూడా తిరస్కరించవద్దు. దానికి సాక్ష్యముగా, ప్రత్యేక గీతముగా చోటు ఉన్నది. 1 దినవృత్తాంతములు 25:7లో శిక్షణ పొందిన 288 మంది గాయకులు కనబడతారు. గాయకులను దేవుడు ఇస్తాడు, అయితే వారిని తర్ఫీదు చేయుట మన పని.

8. ముగింపు

ఆ యువకుని విషయము ముగించాలి. సుమారు ఏడాది తరువాత మా సంఘములో ఒక ఇంటిలో జ్ఞాపకార్థ కూడిక జరిగినది. కరెంటు పోయినది, కీబోర్డు ఆగినది. ఆ చీకటిలో ఒక వృద్ధురాలు ఒక పల్లవి ఎత్తుకొన్నది, నలుగురు స్త్రీలు అందుకొన్నారు. అది నేను తిప్పి పంపిన పాట. ఎవరిదో ఆమెకు తెలియదు, మనుమరాలి ఫోనులో విని నేర్చుకొన్నదట.

మరునాడు నేను ఆ యువకుని ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. అతడు శ్రుతి తగ్గించాడు, మధ్య వాయిద్యము తీసివేశాడు. పెద్దలలో ఒకరు "నేను" అని ఉన్నచోట "మేము" అని మార్చమన్నారు. నేనును సరే అనబోయాను. ఆ వృద్ధురాలే అడ్డుపడినది: "నేను అంటేనే అయ్యగారూ, అది నా పాట ఐతది. మేము అంటే ఎవల్దో ఐతది." 51వ కీర్తన గూర్చి నేను పైన రాసిన మాట ఆమె నుండి నేర్చుకొన్నదే.

ఇప్పుడు ఆ పాటను మా సంఘము సమాధి కార్యక్రమాలలో పాడుచున్నది. 2021లో ఆ తల్లి సమాధి దగ్గర పాడలేకపోయిన పాట అది.