రుచి వేరు, కొసరుచి వేరు

ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగి చూశారా? చలికాలంలో ఢిల్లీలోని కటవారియా సరాయ్ సందుల్లో, తోపుడు బళ్ల మీద కూడా ఈ కాయలు కనిపిస్తాయి. అక్కడ అద్దెగదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే మన విద్యార్థులకు ఇది చిన్ననాటి నుంచీ తెలిసిన వింతే. పులుపు, వగరు పోయి నీళ్లు తియ్యగా తోస్తాయి. ఇంగ్లీషులో దీన్ని ఆఫ్టర్‌టేస్ట్ అనవచ్చునా?

అనకపోవడమే మేలు. ఆఫ్టర్‌టేస్ట్ అంటే మింగిన తరువాత కూడా నోట్లో నిలిచే రుచి. నేను 'కొసరుచి' అని రాస్తుంటాను. శాకరిన్ వేసిన టీ తాగితే చివర చేదు తగులుతుంది కదా? శాకరిన్ తీపి గ్రాహకాలతో పాటు కొన్ని చేదు గ్రాహకాలను కూడా ప్రేరేపిస్తుంది. అది కొసరుచి. ఉసిరి సంగతిలో తియ్యగా ఉన్నది ఉసిరి కాదు, తరువాత తాగిన నీళ్లు! పొడపత్రి ఆకు దీనికి సరిగ్గా ఎదురు. అది నమిలి పంచదార వేసుకుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టే ఉంటుంది. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపి గ్రాహకాలను కాసేపు అడ్డుకుంటాయి.

ట్యాంగ్ మరొక మాట. పాత నార్స్ భాషలో మొన అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. గోంగూర పచ్చడికి చక్కగా సరిపోతుంది. సాపిడ్ అంటే రుచి గలది. దాని మూలమైన లాటిన్ క్రియకు రుచి చూడటం, వివేకం కలిగి ఉండటం అని రెండర్థాలు. హోమో సేపియన్స్‌లోని సేపియన్స్ కూడా అక్కడిదే. (పరీక్ష పత్రాల్లో తప్ప సాపిడ్‌ను వాడినవారిని నేను చూడలేదు.)

అసలు చిక్కు టేస్ట్, ఫ్లేవర్‌లతో. టేస్ట్ నాలుకది: తీపి, పులుపు, ఉప్పు, చేదు, 1908లో జపాన్ శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా గుర్తించిన ఉమామి. ఫ్లేవర్‌లో వాసన కూడా కలుస్తుంది. ముక్కు గట్టిగా మూసుకొని యాలకులు వేసిన మిఠాయి నమలండి. తీపి ఒక్కటే తెలుస్తుంది. ముక్కు వదలగానే యాలకులు వచ్చేస్తాయి! తెలుగులో రెంటినీ రుచి అనే అంటాం. 2020లో కొవిడ్ వచ్చినవారు "రుచి తెలియడం లేదు" అన్నప్పుడు కొందరికి నిజంగా నాలుక రుచే తగ్గింది, మరికొందరికి పోయింది వాసన. ఉప్పు, పంచదార తెలుస్తున్నాయా అని విడిగా అడిగితే గాని తేడా బయటపడదు.

ఒక్కచోట మాత్రం మనదే పైచేయి. ఇంగ్లీషువారు ఆస్ట్రింజెంట్ అని పుస్తకాల మాట వెతుక్కునే చోట మన పిల్లలు కూడా వగరు అంటారు. పచ్చి అరటికాయ కొరికితే అందులోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. జారుడు తగ్గి నాలుక గరుకుగా అనిపిస్తుంది. అంటే వగరులో స్పర్శ పాలే ఎక్కువ. షడ్రుచుల్లో చేర్చినా, నాలుక దాన్ని చాలావరకు తాకే తెలుసుకుంటుంది.