అంగ్‌కోర్‌లో పొదుపా? ఆ పాతిక డాలర్ల దగ్గర వద్దు!

తెల్లవారుజామున చీకట్లోనే టుక్‌టుక్ ఎక్కడం, కొలను గట్టున నిలబడి సూర్యోదయం చూడటం, ఆ వెంటనే వరసగా మూడు గుళ్లు, భోజనమయ్యాక మరో రెండు... సాయంత్రానికి కాళ్లు పీకేస్తుంటాయి. ఏ గుడిలో ఏం చూశామో ఫొటోల్లో వెతుక్కోవాల్సిందే! కంబోడియా వెళ్లొచ్చిన చాలామంది అంగ్‌కోర్ ముచ్చట ఇలాగే ముగుస్తుంది. కారణం... ఒక్కరోజు టికెట్.

ఒక్కరోజుకి 37 డాలర్లు. మూడు రోజులకి 62. అంటే, పాతిక డాలర్లు కలిపితే మరో రెండు రోజులు! అవి వరస రోజులే కానక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడైనా సరే. పన్నెండేళ్లలోపు పిల్లలకు టికెట్టే లేదు, వయసు రుజువుకు పాస్‌పోర్టు చూపిస్తే చాలు. అంత డబ్బు పోసి విమానమెక్కాక చేయి బిగించాల్సింది ఇక్కడ కాదు. అన్నట్టు, టికెట్లు గుడి గుమ్మంలో అమ్మరు. సియెం రీప్ ఊళ్లో విడిగా కార్యాలయం ఉంది. సాయంత్రం అయిదింటికి కాస్త ముందునుంచీ మర్నాటి టికెట్లు ఇస్తారు. అవి తీసుకుంటే ఆ పూట సూర్యాస్తమయం అదనం.

మూడు రోజులు ఎందుకంటారా? రెండో సూర్యవర్మ 12వ శతాబ్దంలో విష్ణువుకు కట్టించిన అంగ్‌కోర్ వాట్ ఒక్కదానికే ఓ పూట కావాలి. పడమటి గోడ మీద కురుక్షేత్రం... అంపశయ్య మీద భీష్ముడు! అదే వైపు ఇంకో సగంలో లంకా యుద్ధం. తూర్పు వైపు దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. వాసుకిని చెరోపక్క పట్టుకు లాగుతున్న దేవదానవులను పోల్చుకోవడానికి మన పిల్లలకు గైడు అక్కర్లేదు, నాయనమ్మ వెంట ఉంటే చాలు. ఒక్క సంగతి... ఈ శిల్పాలను వరసలో చూడాలంటే అప్రదక్షిణంగా నడవాలి. గుడి ముఖం పడమరకు కాబట్టి మధ్యాహ్నం దాటాకే ముందు భాగం వెలుగులో మెరుస్తుంది. పైఅంతస్తుకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. పన్నెండేళ్లలోపు పిల్లల్ని పైకి పంపరు.

రెండోరోజు రాతి ముఖాల బాయన్, చెట్ల వేళ్లు గోడల్ని వాటేసుకున్న తా ప్రోమ్. మూడోరోజు దూరంగా ఉన్న బంతే స్రేయ్. క్రీ.శ. 967 నాటి ఈ చిన్న శివాలయంలో ఎర్రరాతి మీద చెక్కడం చూస్తే, పాతిక డాలర్లు ఎందుకు పెట్టామో అర్థమవుతుంది.

మరి పొదుపు ఎక్కడ? టుక్‌టుక్‌లో. రోజంతా తిప్పడానికి సాధారణంగా 15 నుంచి 25 డాలర్లు అడుగుతారు. నలుగురు పంచుకుంటే ఎంతని! బంతే స్రేయ్‌కి విడిగా మాట్లాడుకోవాలి. బేరం ఎక్కేముందే తేల్చుకోవాలి, దిగాక కాదు. 2023లో మొదలైన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్లకు పైనే. టాక్సీ కంటే బస్సు చాలా చౌక. బ్యాంకాక్ నుంచి బస్సులో పోయిపెట్ మీదుగా వెళ్లడం ఒకప్పుడు అందరూ చెప్పే చౌక దారి. 2025లో రెండు దేశాల సరిహద్దు గొడవలతో అది మూతపడింది. తాజా పరిస్థితి కనుక్కోకుండా ఆ దారిని నమ్ముకోవద్దు. నామ్ పెన్‌లో దిగితే అక్కణ్నుంచి బస్సులో సుమారు ఆరుగంటల ప్రయాణం.

పర్యటక వీసా మనవాళ్లకు విమానాశ్రయంలోనే ఇస్తారు, 30 డాలర్లు. రాకకు ముందు నింపే ఆన్‌లైన్ పత్రం ఉచితం. దానికి డబ్బు అడిగే సైట్లు దళారులవే. ఇక ‘కంబోడియాలో ఉద్యోగం’ అంటూ పర్యటక వీసా మీద రమ్మనే ఏజెంట్ల సంగతి మన పాఠకులకు వేరే చెప్పాలా? అలా వెళ్లి సైబర్ ముఠాల చేతుల్లో చిక్కుకున్న తెలుగు కుర్రాళ్ల కథలు 2024లో చూసినవే.

అన్నం దేశం కాబట్టి పస్తు భయం లేదు. కాకపోతే కూరగాయల వంటల్లోనూ ఊరబెట్టిన చేపల రసం పోస్తారు. శాకాహారులు ముందే చెప్పాలి. ఏప్రిల్‌లో ఎండ మనకు తీసిపోదు. సంక్రాంతి సెలవుల్లో చల్లగా ఉంటుంది, కానీ గది అద్దెలు ఎక్కువ. దసరాకైతే వానలు, వాటితోపాటే తక్కువ ధరలు.

చిరిగిన, గీతలు పడ్డ డాలరు నోట్లు తీసుకోరు. బ్యాంకులో మార్చుకునేటప్పుడే ఏరుకోవాలి. చిల్లర స్థానిక రియెల్‌లలో ఇస్తారు. డాలరుకు దాదాపు 4,000. దేశం దాటాక వాటిని మార్చేవాళ్లు దొరకరు. మిగిలినవాటితో ఊరు వదిలేముందే నాలుగు కొబ్బరిబొండాలు కొట్టించుకోవడం నయం!