బొటనవేలికి ముప్ఫై శాతం

నష్టపరిహారం కోసం కమిషనర్ ముందు వేసే దరఖాస్తులో కార్మికుడి వయసు రాయాలి, వేతనం రాయాలి, ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో రాయాలి. కులం రాయడానికి గడి లేదు. ఇరవై ఏళ్లుగా ఆ కాగితాలు నింపుతున్న న్యాయవాదిని. పాలమూరు జిల్లా మాదిగవాడలో పుట్టినవాణ్ని. అయినా ఆ గడి ఎందుకు లేదని చాలాకాలం అడగలేదు. తెగిన వేలు ఎవరిదైనా వేలే కదా అనుకున్నాను. ఒక కేసు నన్ను ఆ మాట మీద నిలవనివ్వలేదు.

2023లో హైదరాబాద్ శివారులో ఒక అపార్ట్‌మెంటు కడుతున్నచోట కాంక్రీటు కలిపే మిల్లర్ పళ్లచక్రంలో పడి ఒక స్త్రీ కుడిచేతి బొటనవేలు పూర్తిగా పోయింది. చక్రం మీద ఉండవలసిన మూత ఎప్పుడో ఊడిపోయిందట. ఆమెకు 35 ఏళ్లు. భర్తతో కలిసి గుంపు మేస్త్రి వెంట మా జిల్లా నుంచే వలస వచ్చింది. కాంట్రాక్టర్ ఆమెను ఆసుపత్రిలో చేర్పించి, మొదటిరోజు బిల్లు కట్టి, నాలుగోరోజున ఊరి పెద్దమనుషులను పిలిపించాడు. 40 వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నారు. 'దొర మంచోడు కాబట్టి ఇచ్చిండు, ఇంకొకలైతే అది గూడ ఇయ్యకపోదురు' అని చెప్పి పంపారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె మొట్టమొదట అడిగింది డబ్బు గురించి కాదు. 'పైసలు దీస్కున్నంక కేసేస్తే తప్పుగాదా సారూ?' అని.

తప్పు కాదు. హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చే ఏ ఒప్పందమూ 1923 నాటి పరిహార చట్టం ముందు చెల్లదు. స్త్రీకి ఏకమొత్తంగా ఇచ్చే పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమచేయాలి. నేరుగా చేతికిచ్చింది పరిహారం కిందికే రాదు. యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయవలసిన అవసరమూ లేదు. పనిలో ఉండగా, ఆ పని కారణంగా గాయపడితే చాలు. ఇంత స్పష్టంగా హక్కుగా రాసిపెట్టిన డబ్బు ఊరి అరుగు మీదికి వచ్చేసరికి దొర దయ అయిపోతుంది. దయ చూపినవాడిని కోర్టుకు ఈడ్వడం కృతఘ్నత అవుతుంది. దరఖాస్తులో గడి లేని కులం చేసే మొదటి పని ఇదే. ఎన్ని కేసులు ఆ అరుగు దగ్గరే ఆగిపోతాయో నాకు తెలిసినంతగా న్యాయస్థానానికి తెలియదు. దాని మెట్లెక్కినవారినే అది చూస్తుంది.

ఇక లెక్క. ఏకలవ్యుడి బొటనవేలి గురించి మేము సభల్లో చాలా మాట్లాడాము. చట్టం షెడ్యూలులో బొటనవేలు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలికి 14, ఉంగరపు వేలికి 7. నెల వేతనంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించి, అందులో ఈ శాతం కట్టాలి. 35 ఏళ్లకు గుణకం 197.06. గుణకం గురించి, శాతం గురించి ఎవరూ తగవు పడలేరు. తగవంతా వేతనం దగ్గరే.

ఆమె వేతనం ఎంత? ఏ కాగితంలోనూ లేదు. మా కూలీలు జంటగా పనికి కుదురుతారు. జంటకు రోజుకు 1,000 రూపాయలు. మేస్త్రి పుస్తకంలో భర్త పేరొక్కటే ఉంటుంది. అందులో సగం ఆమెదని, నెలకు 26 రోజులని నేను 13,000 చూపించాను. ఆమె తన కూలీయే కాదన్నాడు కాంట్రాక్టర్. ఒకవేళ అనుకున్నా ఆడకూలీకి 300, పని 20 రోజులు, అంటే 6,000 అన్నాడు. నా లెక్కన ఆమెకు రావలసింది 4,61,120 రూపాయలు, అతని లెక్కన 2,12,825. అదే వేలు, అదే గుణకం. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చి పాత చట్టం పోయింది. వేతనాన్ని వయసు గుణకంతో హెచ్చించే ఈ పద్ధతి మాత్రం అలాగే ఉంది. తరతరాలుగా తక్కువ కూలి ఇచ్చిన వ్యవస్థ గాయానికీ తక్కువే ఇస్తుంది. దీన్ని గణితం అంటాము.

ముప్ఫై శాతం పోతే మిగిలింది డెబ్బై అనుకుంటుంది షెడ్యూలు. ఏ పనికి డెబ్బై? గమేళా ఎత్తలేదు, పార పట్టలేదు, కొడవలి పిడికిట్లో నిలవదు. అంత బలం అక్కర్లేని పనులు ఊళ్లో లేకపోలేదు. కిరాణా కొట్టు ఉంది, పాలకేంద్రం ఉంది, బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. మాదిగ స్త్రీ వండితే మా పిల్లలు తినరని తల్లిదండ్రులు బడి గేటు దగ్గర నిలబడిన ఊళ్లు నాకు తెలుసు. గుమాస్తాకు బొటనవేలు పోతే కుర్చీ మిగులుతుంది. ఈమెకు ఏది మిగిలిందో లెక్కించే కాలమ్ షెడ్యూలులో లేదు.

ఎదుటి పక్షం మరో మాట కూడా తెచ్చింది: ఆమె ఆ మధ్యాహ్నం కల్లు తాగి ఉందట. మరణం గానీ పూర్తి శాశ్వత వైకల్యం గానీ సంభవిస్తే ఈ వాదన చట్టం ముందు నిలవదు. వేలు పోవడం పాక్షిక వైకల్యం కాబట్టి, ప్రమాదానికి మత్తే కారణమని రుజువైతే పరిహారం మొత్తం ఎగిరిపోతుంది. ఆసుపత్రి కాగితాల్లో ఆ ఊసే లేదు. అయినా ఆ మాట అనడానికి అవతలి వకీలు తడుముకోలేదు. మా వాడల మనుషుల మీద ఆ మాట సాక్ష్యం లేకుండానే అతుకుతుందని అతనికి తెలుసు.

మురుగు కార్మికుల విషయంలో నిందది ఇదే దారి. మ్యాన్‌హోల్‌లో విషవాయువుకు మనిషి చనిపోతే 'ఎవడు దిగమన్నాడు, తాగి దిగాడు' అనే మాట శవం పైకి రాకముందే పుడుతుంది. బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 నుంచి అలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలన్నది. 2023 అక్టోబరు 20న మరో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. వైకల్యానికి 10 లక్షలకు తగ్గకూడదన్నది, ఆ వైకల్యం శాశ్వతమై బతుకుతెరువే పోతే 20 లక్షలన్నది. ఇక్కడ మృతుడి జీతం ఎంతని ఎవరూ అడగరు. ప్రాణానికి కూలి రేటుతో నిమిత్తం లేకుండా ఒక విలువ కట్టడం సాధ్యమేనని అత్యున్నత న్యాయస్థానమే చూపించింది. మురుగు పని ఎవరు చేస్తున్నారని లెక్క తీసినప్పుడు కేంద్రం కులం కూడా అడిగింది. నగరాల్లో మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో సుమారు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలని, ఎస్సీలే మూడింట రెండు వంతులకు పైగా ఉన్నారని 2024లో బయటపడింది అలా అడగబట్టే.

మిల్లర్ల దగ్గర, క్వారీల్లో, ఇటుక బట్టీల్లో తెగిన చేతులను కూడా అలాగే అడగాలని నా అభిప్రాయం. దరఖాస్తులో ఆ గడి ఉండాలి, ఏ కులం వారికి సగటున ఎంత ముట్టిందో కార్మికశాఖ ఏటా ప్రకటించాలి. వామపక్ష సంఘాల్లోని నా మిత్రులు ఇది కార్మికులను చీలుస్తుందంటారు. జంట కూలిలో పేరు లేని ఆమెను ఎవరు చీల్చారని అడిగితే, ఆ చర్చ రేపు చేద్దామంటారు.

కేసు ఇంకా నడుస్తోంది. మేస్త్రికి పని అప్పగించినా అసలు కాంట్రాక్టర్ బాధ్యత తప్పదని చట్టం చెబుతుంది గానీ, ఆమె అక్కడ పని చేసిందని ముందు తేలాలి. దానికి ఉన్న ఒకే ఆధారం మేస్త్రి హాజరు పుస్తకం. మేస్త్రి మా వాడ మనిషే, ఆమె భర్తకు వరసకు అన్న. పుస్తకం తెచ్చి బోనెక్కితే ఆ కాంట్రాక్టర్ దగ్గర అతనికీ, అతని వెంట ఉన్న పద్దెనిమిది జంటలకూ పని ఉండదు. పోయిన వాయిదాకు రాలేదు. మొన్న నేనే వెళ్లి కలిశాను. పుస్తకం ఇంట్లోనే ఉందన్నాడు. పారేయలేదన్నాడు. వచ్చే వాయిదా ఏ తారీఖో మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు.