ఆరాధనకు తొలిసారి: గుమ్మము వెలుపలి అపోహలు, లోపలి వాస్తవములు

జమ్మలమడుగు మిషను ఆసుపత్రి పేరు వినని ఇల్లు మా కడప ప్రాంతమున అరుదు. పందొమ్మిదవ శతాబ్ది చివరలో లండన్ మిషనువారు నెలకొల్పిన ఆ క్యాంబెల్ ఆసుపత్రి వరండాలో పురిటినొప్పుల కోడలి కొరకు రాత్రియెల్ల మేలుకొని కూర్చున్న అత్తలు, జ్వరపు బిడ్డను భుజమున వేసికొని ఎడ్లబండి దిగిన తండ్రులు ఎన్ని తరములవారో లెక్కింపజాలము. 1949లో జమ్మలమడుగున జన్మించి అనంతర కాలమున ముఖ్యమంత్రియైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కూడ వైద్యవిద్య ముగించి కొంతకాలము పనిచేసినది ఆ ఆసుపత్రియందే. అయినను ఆసుపత్రి మెట్లెక్కిన వేలమందిలో చర్చి మెట్టెక్కినవారు స్వల్పము. మిత్రుని యింట పెండ్లియో, పొరుగింట మరణమో, క్రిస్మసు పిలుపో వచ్చి వెళ్లవలసిన దినమున వారి మనస్సులలో మెదలు సందేహములు ద్వేషమువలన పుట్టినవి కావు, కేవలము దూరమువలన పుట్టినవి. కావున వానిని ఓపికతో విప్పి చెప్పుట న్యాయము.

అన్నింటికంటె పెద్ద అపోహ, లోపల అడుగిడినంతనే మతము మారినట్లగునన్నది. ఇది ఎంతమాత్రమును నిజము కాదు. క్రైస్తవ సంఘములో చేరుటకు ద్వారము బాప్తిస్మము. అది కోరినవానికి ముందుగా బోధ జరుగవలెను, తాను దేనిని విశ్వసించుచున్నాడో సంఘము ఎదుట తన నోట తానే ఒప్పుకొనవలెను. ఆదివారము వెనుక బల్లపై గంటన్నర కూర్చుండి లేచివచ్చిన వాని పేరు ఏ పుస్తకములోను ఎక్కదు. కీర్తన పాడుటకు ఇష్టములేనివాడు ఊరకుండవచ్చును, ప్రార్థనలో మోకాళ్లూనని వాడు తల వంచి కూర్చుండవచ్చును. విననెంచి వచ్చినవానికి వినుట యొక్కటే పని.

రెండవ అపోహ, అక్కడ జరుగునదంతయు దొరల భాషలో, దొరల పద్ధతిలో నుండునన్నది. తెలుగువారు తమ భాషాచరిత్రను మరచినందున పుట్టిన పొరపాటు ఇది గనుక దీనియొద్ద నేను కొంత నిలువవలసియున్నది. 1805లో విశాఖపట్టణమున దిగిన లండన్ మిషను మతబోధకుడు డెస్‌గ్రాంజెస్, ఆనందరాయరను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని సాయమున సువార్తలను తెనిగింపగా, వానిలో మూడు 1812లో వంగదేశపు శ్రీరామపురమున అచ్చుపడినవి. కడపకు 1820లో, తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌను దొర వచ్చెను, 1822లో లండన్ మిషను వచ్చెను. నాటి నుండి మా జిల్లాలో దైవవాక్యము తెలుగుననే వినబడుచున్నది. అదియును ఎట్టి తెలుగు! పత్రికలును పాఠశాలలును వ్యావహారికమునకు మరలి ఎన్నియో దశాబ్దములైనను, 'గాక' అను ఆశీరర్థకమును, 'చున్నాడు', 'యుండెను' అను క్రియారూపములును, అక్షరము చదువని ముసలమ్మ నోట సైతము తడబాటు లేక వెలువడు స్థలములు నేడు మిక్కిలి కొద్దిగా మిగిలినవి. వానిలో చర్చి యొకటి. ఇక పాటలకు వచ్చినచో, చాల సంఘములవారు చేతబట్టు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరచి చూడుడు: కీర్తనల తలపై రాగము, తాళము అచ్చువేసి యుండును. వానిలో పెక్కు కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, పల్లవియు చరణములును గల మన కీర్తన మార్గముననే క్రీస్తును గానము చేసినవాడు. సంగీతము చెవికెక్కిన క్రొత్తవాడు, తనకు తెలిసిన రాగమొకటి ఎదురై, ప్రక్కవానికంటె ముందు తానే తాళము వేసినను ఆశ్చర్యము లేదు.

చర్చిలన్నియు నొకటేయన్న భ్రమతో వెళ్లినవాడు మాత్రము తికమకపడును. 1947 సెప్టెంబరు 27న మదరాసులో, లండన్ మిషను సంప్రదాయపు సంఘములను కలుపుకొన్న దక్షిణ ఇండియా ఐక్య సంఘమును, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘములును ఒక్కటై దక్షిణ ఇండియా సంఘముగా, అనగా సి.ఎస్.ఐ.గా, ఏర్పడినవి. మా జిల్లాలోని ఆ సంఘపు చర్చిలు రాయలసీమ అధ్యక్ష మండలమునకు చెందును. వానిలో ఆరాధన పుస్తకక్రమమున సాగును: పాపముల ఒప్పుకోలు, పాఠముల పఠనము, విశ్వాస ప్రమాణము, ప్రసంగము, విజ్ఞాపనలు, చివర దీవెన. సువార్త చదువునపుడు అందరును లేచి నిలుతురు. మీరును లేచిన చాలును, ముందువానిని చూచి నడచుకొనుటలో చిన్నతనము లేదు. కతోలికుల గుడిలో జరుగునది దివ్యబలిపూజ. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభకు పూర్వము అది లాటిన్ భాషలో జరిగెడిది గనుక 'అర్థము కాని భాష' అను మాటకు ఒకప్పుడు అక్కడ కొంత ఆధారముండెను, నేడు లేదు. పెంతెకోస్తు ప్రార్థనా మందిరములలో పుస్తకక్రమము కానరాదు. చప్పట్లు, డోలు, ఒక్కుమ్మడి కంఠమెత్తి చేయు ప్రార్థనలు, దీర్ఘ ప్రసంగము ఉండును. ఆ ధ్వనికి క్రొత్తవాడు ఉలికిపడవచ్చును. అది కోపమో కలహమో కాదు, వారి భక్తికి అదియే సహజ స్వరము.

సి.ఎస్.ఐ. ఆరాధనలో క్రొత్తవానిని ముందుగా హెచ్చరింపదగిన ఘట్టమొకటి గలదు. 1950లో ఆ సంఘము కూర్చుకొన్న ప్రభురాత్రి భోజన క్రమములో, 'సమాధానము', అనగా శాంతి, ఒకరినుండి యొకరికి అందజేయు ఆచారమున్నది: ఇచ్చువాడు తన కుడి అరచేతిని ఎదుటివాని కుడి అరచేతికి ఆనించును, పిదప ఇరువురును తమ ఎడమ చేతులను ఎదుటివాని చేతిపై మూయుదురు. ప్రాచీన సంఘములో ముద్దుతో చేసిన ఈ శాంతివందనమును మన దేశపు మర్యాదకు అనుగుణముగా మలచిన తీరు నాకు మిక్కిలి నచ్చినది. ప్రక్కవాడు చేతులు చాచినపుడు జంకక మీ చేతులందీయుడు.

ఆ మీదట రొట్టెయు ద్రాక్షారసమును పంచునపుడు మాత్రము కూర్చుండి యుండవలెను. దేవళములో తీర్థప్రసాదములు వచ్చినవారందరికి పెట్టుదురు గనుక, ఇక్కడ తనకు పెట్టకుండుట అవమానమని తలచి మనస్సు నొచ్చుకొన్నవారిని నేనెరుగుదును. ఇది ప్రసాదము వంటిది కాదు. బాప్తిస్మము పొంది, ఆ బంధమునకు కట్టుబడినవారు పాల్గొను సంస్కారము. సంఘములో పుట్టి పెరిగిన చిన్నపిల్లలు సైతము కూర్చుండియే యుండుట కొన్ని చర్చిలలో చూడవచ్చును.

డబ్బు మాట క్లుప్తము. చందా సంచి మీ ముందునకు వచ్చును. వేయవచ్చును, వేయక ప్రక్కవానికి అందీయవచ్చును. వస్త్రధారణము గూర్చియు అంతే: శుభ్రమైనది చాలును. గడప యొద్ద చెప్పుల వరుస కనబడినచో మీవియు అక్కడనే విడువుడు. ప్రార్థనవేళ స్త్రీలు తలపై కొంగు కప్పుకొందురు. కొన్ని సంఘముల స్త్రీలు బొట్టును, నగలను మానుకొనుట వారి నియమము. అతిథిగా వచ్చినవారికది షరతు కాదు.

చివరి అపోహ చెప్పుటకు నొచ్చుదును: 'అది వారి గుడి' యని గుసగుసలాడుట. కడప జిల్లాలో తొలి సంఘములు అధికముగా మాలపల్లెలలో వెలసినవన్నది చరిత్ర; దానిని దాచవలసిన పనియు లేదు, చిన్నచూపు చూడవలసిన పనియు లేదు. ఊరివారు తమ బావియొద్దకు రానీయని మనుష్యులు తమ పిల్లలకు అక్షరము నేర్పించుకొని, తమ పాటలు తాము పాడుకొని, గుమ్మము తెరచి ఉంచిరి. పంట చేతికి వచ్చినపుడు జరుపు కోతపండుగనాడు వెళ్లి చూచినచో సంగతి తెలియును: జమ్మలమడుగు నల్లరేగళ్ల శనగలు, పులివెందుల చీనీకాయలు, అరటిగెలలు, కోళ్లు, గ్రుడ్లు ప్రభువు బల్లయెదుట కుప్పపడును, ఆరాధన ముగిసిన పిదప వానిని వేలము వేయుదురు, పాటకు ఎవరైనను నిలువవచ్చును.

సామాన్యపు ఆదివారము వెళ్లుట మేలు. క్రిస్మసునాడు చోటు దొరకదు, గుడ్ ఫ్రైడేనాడు మూడు గంటలు కూర్చుండవలసియుండును. దీవెన ముగిసి వెలుపలికి వచ్చునపుడు సంఘకాపరియైన అయ్యగారు వాకిట నిలిచి యొక్కొక్కరికి వందనములు చెప్పుచుందురు. ఆ ప్రక్కనే యొక పెద్దమ్మ మిమ్ము ఎగాదిగా చూచి "యా ఊరు నాయనా మీది?" యని తప్పక అడుగును. అది విచారణ కాదు. ప్రక్క వీధియేనని చెప్పుడు.