చెట్టుకు బోరెందుకు?

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని మహమ్మద్ నగర్ నిజాంసాగర్‌కు దాపున ఉన్న ఊరు. మంజీర మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. దాని కాలువ పారే పొలాల సంగతి వేరు, పారని చోట బోరే దిక్కు. "బోరు ఏసినం గని నీళ్లు పడలే" అన్న మాట ఇలాంటి ఊళ్లలో పిల్లల చెవిన బడికి పోకముందే పడుతుంది. చేతిపంపును బోరింగు అంటారు. సినిమా బాగాలేకపోతే అదే పిల్లలు "బోర్ కొట్టింది" అంటారు. ఈ రెంటి మధ్య ఎవరూ తికమకపడరు. చిక్కు వచ్చేది ఇంగ్లిషు పాఠంలో "ద ట్రీ బోర్ ఫ్రూట్" అన్న వాక్యం ఎదురైనప్పుడే. చెట్టుకు బోరెందుకు?

ఇక్కడ బోర్ అంటే 'కాసింది'. 'బేర్' అనే క్రియకు అది భూతకాల రూపం. మోయడం, భరించడం, కనడం, కాయడం అన్నీ ఆ క్రియ చేసే పనులే. నేలను తొలిచే బోర్ మరో క్రియ, అదీ పాత ఇంగ్లిషు కాలం నాటిదే. విసుగు పుట్టించే బోర్ 18వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది, దాని పుట్టుక మాత్రం నిఘంటుకారులకు అంతుచిక్కలేదు. నాలుగోది సముద్రపు పోటు నదిలోకి ఎదురెక్కినప్పుడు నిటారుగా లేచే అల. కలకత్తా దగ్గర హుగ్లీలో వచ్చే అలకు ఆ పేరే. ఈ నాలుగూ ఒకే ఊళ్లో ఒకే పేరున్న నలుగురు మనుషుల్లాంటివి. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉందనుకోనక్కర్లేదు.

ఇలాంటి మాట వినబడితే సందర్భాన్ని బట్టి సరైన అర్థమే మనసులోకి వస్తుందని అనుకుంటాం. 1979లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ స్విన్నీ చేసిన ప్రయోగం వేరే సంగతి చెప్పింది. 'బగ్స్' అంటే పురుగులు, చాటుగా మాటలు వినే పరికరాలు కూడా. సాలీళ్లు, బొద్దింకల గురించిన వాక్యం చెవిలో వినిపిస్తూ, 'బగ్స్' అన్న క్షణానే తెర మీద ఒక మాట చూపించారు. అది నిజమైన మాటా కాదా అన్నది మీట నొక్కి చెప్పాలి. 'చీమ' అన్న మాటను త్వరగా గుర్తుపట్టారు. విచిత్రంగా 'గూఢచారి' అన్న మాటను కూడా అలాగే త్వరగా పట్టారు. వాక్యంలో గూఢచారుల ఊసే లేకపోయినా! మరో మూడు అక్షరాలు పలికాక చూపిస్తే మాత్రం చీమకే ఆ వేగం మిగిలింది. అంటే మెదడు ముందు అర్థాలన్నిటినీ పిలుస్తుంది, ఆ తర్వాత అక్కర్లేనిదాన్ని పంపేస్తుంది.

పిలవాలంటే అర్థం ముందు లోపల ఉండాలి గదా. తెలిసింది ఒక్కటే అయితే అదే వచ్చి కూర్చుంటుంది. 1997లో పరిశోధకురాలు మిషెల్ మజోకో చిన్నపిల్లలకు కథలు చెప్పి, బాగా తెలిసిన మాటను కొత్త అర్థంలో వాడి చూశారు. కథ మరో అర్థాన్ని చూపిస్తున్నా పిల్లలు పాత అర్థాన్నే పట్టుకున్నారు. బొత్తిగా తెలియని మాట అయితే ఆగి ఆలోచిస్తారు. తెలుసనుకున్న మాట దగ్గర ఆగరు, అసలు చిక్కు అదే. మన పిల్లలకు ఇంకో మెలిక ఉంది. ఇంగ్లిషు బడికి రాకముందే బోరు, కరెంటు, సెల్లు తెలుగు మాటలుగా ఇంట్లో స్థిరపడిపోయాయి.

ఈ సమస్య మన పెద్దలకు కొత్త కాదు. అమరకోశంలో నానార్థాలకు ఒక వర్గమే ఉంది. 'సైంధవం తీసుకురా' అంటే భోజనం దగ్గర ఉప్పు, ప్రయాణం ముందు గుర్రం అన్న ఉదాహరణ సంస్కృతం చదివినవాళ్లందరికీ తెలిసిందే. అర్థాన్ని తేల్చేందుకు పక్కనున్న మాట, ప్రకరణం, విరోధం లాంటి ఆధారాలను భర్తృహరి వాక్యపదీయంలో వరసపెట్టాడు. అవి ఇవాళ్టి ఇంగ్లిషు తరగతికీ పనికొస్తాయని నా నమ్మకం.

అన్ని మాటలూ బోర్ లాంటివి కావు. నిజాంసాగర్ నీటి వడిని ఇంగ్లిషులో కరెంట్ అంటారు, అక్కడి జలవిద్యుత్ కేంద్రంలో పుట్టేదీ కరెంటే. విద్యుత్తును ఒకప్పుడు ప్రవాహంగా ఊహించుకోబట్టే ఆ పేరు. సెల్ కూడా అంతే. లాటిన్‌లో చిన్న గది. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసినవి అలాంటి గదులే. సెల్ ఫోనుకు ఆ పేరు వచ్చింది కూడా సిగ్నల్ అందే నేలను గడులుగా విభజించినందుకే. ఇలా అర్థాల మధ్య దారి ఉంటే కొత్తది త్వరగా నిలుస్తుంది. పరిశోధకురాలు జెన్నిఫర్ రాడ్ బృందం 2012లో పెద్దవాళ్లకు తెలిసిన మాటలకే కల్పిత అర్థాలు నేర్పి చూసింది. పాత అర్థంతో పోలిక ఉన్నవే ఎక్కువగా గుర్తున్నాయి.

దారి లేని చోట కట్టుకథ అల్లే మాస్టార్లున్నారు. చెట్టు వేరు బోరులా నేలలోకి దిగింది కాబట్టి పండ్లు కాసిందని! నవ్వు వస్తుంది గానీ, పిల్లలు ఇక బోర్ కనబడిన ప్రతిచోటా వేళ్ల కోసం వెతుకుతారు. దాని బదులు వ్యాకరణాన్ని వాడుకోవచ్చు. ఒకేలా వినిపించే మాటల్లో ఒకటి నామవాచకం, ఒకటి క్రియ అయినా, అర్థాలు బాగా ఎడంగా ఉన్నా పిల్లలు సులువుగా నేర్చుకుంటారని ఫ్రెంచి పిల్లలపై ఇసబెల్ దోత్రిష్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధన చూపింది.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు ఉన్న పుస్తకాలూ వచ్చాయి. కాబట్టి టీచర్లకు ఒక మనవి. "బోర్ ఫ్రూట్" చెప్పేముందు పిల్లలకు తెలిసిన బోరును అడిగి చెప్పించండి. ఇది ఆ బోరు కాదని తేల్చి, 'బేర్' పక్కన రాయించండి. మంచి ఇంగ్లిషు నిఘంటువులు ఇలాంటి మాటలను వేర్వేరు పదాలుగా ఇచ్చి, ఒక్కోదానికి చిన్న అంకె వేస్తాయి. అర్థం వెతికేముందు ఆ అంకె చూడమని చెప్పండి.