పాపపు ఒప్పుకోలు, క్షమాపణ – రోగులు అడిగే ప్రశ్నలు



పగలు డాక్టరుగారిని అడగలేని ప్రశ్నను రోగులు రాత్రి డ్యూటీలో ఉన్న మమ్మల్ని మెల్లగా అడుగుతుంటారు. "సిస్టర్, నేను చేసిన పాపానికే దేవుడు నాకీ జబ్బు ఇచ్చాడా? ఒప్పుకుంటే తగ్గిపోతుందా?"

దీనికి తప్పు జవాబు చెబితే రెండు రకాలుగా నష్టం. "నాకిక క్షమాపణ లేదు" అని నిరాశపడి మందులు మానేసేవారు కొందరు. "క్షమాపణ దొరికింది, ఇక మందులెందుకు" అని మానేసేవారు మరికొందరు. వీరు మళ్లీ ఆసుపత్రికి వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అందుకే ఈ విషయాన్ని వాక్యపు వెలుగులో కొంచెం వివరంగా తెలుసుకుందాం.

జబ్బు దేవుని శిక్షా?

పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు ఇదే అడిగారు. పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అన్నారు. ఆ రెండూ కారణం కాదని యేసు ప్రభువు సెలవిచ్చారు (యోహాను 9:1-3). యోబు స్నేహితులు కూడా "నువ్వేదో చేసి ఉంటావు" అని అతన్ని బాధపెట్టారు. చివరకు దేవుడు వారి మీదనే కోపించాడు (యోబు 42:7). కాబట్టి రోగిని చూడడానికి వచ్చి పాపాల లెక్క తీసే హక్కు మనలో ఎవరికీ లేదు.

కొన్ని అలవాట్లకు ఫలితం ఉన్న మాట నిజమే. సారా కాలేయాన్ని పాడుచేస్తుంది. గుట్కా, బీడీ నోటికి, ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. అది శాపం కాదు, శరీరం పనిచేసే తీరు. ఏ అలవాటూ లేనివారికి కూడా ఆ జబ్బులు వస్తుంటాయి.

ఒప్పుకోలు అంటే ఏమిటి?

1 యోహాను 1:9లో ఒప్పుకోవడం అని ఉన్నచోట గ్రీకు మూలపదానికి "అదే మాట చెప్పడం" అని అర్థం. మన పాపం గురించి దేవుడు ఏమంటాడో మనమూ అదే అనడం అన్నమాట. దేవునికి తెలియని సంగతి మనం తెలియజేయడం కాదు. ఆదాము హవ్వ మీదికి, హవ్వ సర్పం మీదికి నెట్టినట్టు నెట్టకుండా, "ఇది నేనే చేశాను" అని చెప్పడం.

చీము పట్టిన గడ్డ మీద ఎంత తెల్లని కట్టు కట్టినా లోపల సలుపు తగ్గదు. గడ్డ కోసి చీము తీస్తేనే గాయం మానడం మొదలవుతుంది. పాపాన్ని దాచుకున్న రోజుల్లో తన ఒంట్లో సత్తువే లేకుండా పోయిందని దావీదు 32వ కీర్తనలో చెప్పుకున్నాడు. ఒప్పుకున్నాకే అతనికి నెమ్మది దొరికింది.

ఎవరి దగ్గర ఒప్పుకోవాలి?

మొదట దేవుని దగ్గర. ఏ పాపమైనా చివరకు ఆయనకు విరోధమైనదే.

రెండవది, మనం ఎవరికి అన్యాయం చేశామో వారి దగ్గర. నష్టపరచినవాడు తప్పు ఒప్పుకొని, తీసుకున్నదానికి అయిదవ వంతు కలిపి తిరిగి ఇవ్వాలని ధర్మశాస్త్రం చెప్పింది (సంఖ్యాకాండము 5:7). జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అతడు డబ్బుతో క్షమాపణ కొనుక్కోలేదు. ప్రభువు తన ఇంటికి వచ్చిన సంతోషంతో ఇచ్చాడు. మనకైనా క్షమాపణ సిలువ వలన ఉచితంగా వచ్చేదే. సరిదిద్దుకోవడం మారుమనస్సుకు తగిన ఫలం.

మూడవది, నమ్మదగిన విశ్వాసి దగ్గర లేక పాస్టరుగారి దగ్గర (యాకోబు 5:16). ఇందులో సంఘాల పద్ధతులు వేరు. రోమన్ కతోలిక సంఘంలో గురువు దగ్గర ఒప్పుకుంటారు. ఏడాదికి ఒక్కసారైనా అలా చేయాలని 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ నిర్ణయించింది. విన్న సంగతిని గురువు ఎవరికీ చెప్పకూడదు. లూథరన్లు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో వ్యక్తిగత ఒప్పుకోలును నిలుపుకున్నారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఆరాధనలో అందరూ కలిసి ఒప్పుకుంటారు. బాప్తిస్టు సంఘాలవారు నేరుగా దేవునికే ప్రార్థిస్తారు. పద్ధతి ఏదైనా క్షమించేది దేవుడే.

క్షమాపణ, స్వస్థత ఒకటేనా?

కాదు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మార్కు 2వ అధ్యాయంలో ఉంది. ప్రభువు మొదట అతని పాపాలు క్షమించారు. ఆ తరువాతే లేచి నడవమన్నారు. మధ్యలో శాస్త్రులతో మాట్లాడుతున్నంతసేపు ఆ మనిషి పరుపు మీదనే ఉన్నాడు. కాళ్లు ఇంకా కదలలేదు, కానీ క్షమాపణ అప్పటికే సంపూర్ణంగా దొరికింది. కాబట్టి జబ్బు తగ్గలేదంటే క్షమాపణ దొరకలేదని అనుకోవద్దు.

అలాగే క్షమాపణ దొరికిందని మందులు మానవద్దు. టీబీ మందులు మధ్యలో ఆపితే క్రిములు ఆ మందులకు లొంగకుండా పోతాయి. ఫిట్స్ మాత్రలు, షుగరుకు వేసుకునే ఇన్సులిన్ సొంతంగా ఆపితే ప్రాణానికే ముప్పు. రోగికి నూనె రాసి ప్రార్థన చేయమని యాకోబు 5:14 చెబుతుంది. ఆ రోజుల్లో నూనె మందుగా కూడా వాడేవారు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు (లూకా 10:34). ప్రార్థనకు, వైద్యానికి వైరం లేదు.

పురుగుల మందు తాగినవారికి క్షమాపణ ఉందా?

ఉంది. ఇది క్షమించరాని పాపమని బైబిలులో ఎక్కడా చెప్పలేదు. చావు కోరుకున్న ఏలీయాను దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు (1 రాజులు 19). మనమూ అలాగే చేయాలి.

పరువు పోతుందనో, కేసు అవుతుందనో కొందరు బంధువులు "కడుపునొప్పి" అని చెప్పి తీసుకొస్తుంటారు. దయచేసి అలా దాచవద్దు. ఏ మందు తాగారో, ఎప్పుడు తాగారో వెంటనే చెప్పండి. డబ్బా దొరికితే వెంట తీసుకురండి. ఒక్కో మందుకు చికిత్స ఒక్కో రకంగా ఉంటుంది. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు తాగించవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలనీ, శిక్షించరాదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను చెబుతోంది. వేరేలా రుజువైతే తప్ప ఇదే వర్తిస్తుంది.

ఒకే పాపాన్ని పదేపదే ఒప్పుకున్నా నెమ్మది లేక, నిద్ర పట్టక, తిండి సయించక, చావు తలంపులు వస్తుంటే అది విశ్వాసం తక్కువై కాకపోవచ్చు. డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది. 14416 టెలి మానస్‌కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

క్షమించడమంటే దెబ్బలు భరించడమా?

కాదమ్మా. తాగివచ్చి కొట్టే భర్తను మనసులో క్షమించవచ్చు. అయినా ఆ దెబ్బలు దాచనక్కరలేదు, ప్రాణభయమున్న ఇంటికి తిరిగి వెళ్లనక్కరలేదు. "మెట్ల మీద పడ్డాను" అని చెప్పకుండా మాకు నిజం చెప్పండి. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. కొట్టినవాడు నిజంగా మారుమనస్సు పొందితే అది అతని మాటల్లో కాదు, నడతలో తెలుస్తుంది.

ప్రియులారా, మనసులో బరువు ఏదైనా ఉంటే దాన్ని మోసుకుంటూ మంచం మీద ఒంటరిగా ఉండవద్దు. మీకు ప్రార్థన కావాలంటే డ్యూటీ సిస్టర్‌తో చెప్పండి, ఆసుపత్రి పాస్టరుగారిని పిలిపిస్తాము. ప్రార్థన అయ్యాక మీ వేళకు మీ మాత్ర కూడా మేమే తెచ్చి ఇస్తాము.

క్షమించే దేవుడు మీకు నెమ్మదిని, ఆరోగ్యాన్ని దయచేయును గాక. ఆమేన్.