బాల యేసు పక్కన శాంటా బండి ఎందుకు? క్రిస్మస్‌పై అమెరికా కోర్టులు చెప్పిందేంటి

డిసెంబర్ వచ్చిందంటే అమెరికాలో ఉంటున్న తెలుగు ముస్లిం కుటుంబాల ఫోన్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "నానీ, మా స్కూల్లో క్రిస్మస్ ప్రోగ్రామ్ పెట్టారు. నన్నూ అందరితో పాటు పాడమంటున్నారు. పాడొచ్చా?"

ఇక్కడున్న నానీకి వెంటనే జవాబు తోచదు. నిజానికి ఇందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. ఒకటి దీన్‌కి సంబంధించినది, అది ఆలిములను అడిగి తెలుసుకోవాల్సిన విషయం. రెండోది చట్టానికి సంబంధించినది. ప్రభుత్వానికి ఏ మతమూ ఉండకూడదని రాజ్యాంగంలో రాసుకున్న దేశంలో, ప్రభుత్వ స్కూల్లో, సిటీ ఖర్చుతో పెట్టే అలంకరణల్లో, కోర్టు మెట్ల మీద ఒక మతం పండుగ ఎలా జరుగుతోంది? మరి ఈద్ సంగతేంటి? ఈ రెండో ప్రశ్నకు అమెరికా కోర్టులు నలభై ఏళ్లకు పైగా జవాబు వెతుకుతున్నాయి. ఆ జవాబులు తెలుసుకుంటే, అక్కడ మైనారిటీగా బతికే మనవాళ్లకు తమ హక్కు ఎక్కడిదాకా ఉందో అర్థమవుతుంది.

పండుగ వెనుక విశ్వాసం

ముందుగా క్రిస్మస్ అంటే క్రైస్తవులకు ఏంటో తెలియాలి. స్టార్లు, కేకులు, చెట్టు ఇవన్నీ పైపైన కనిపించేవి. వాళ్ల విశ్వాసం ప్రకారం దేవుడే మనిషిగా ఈ లోకంలోకి వచ్చిన రోజు అది. యేసు పుట్టుక గురించి బైబిల్‌లో మత్తయి, లూకా సువార్తలు చెబుతాయి. తేదీ మాత్రం ఎక్కడా లేదు. డిసెంబర్ 25న ఈ పండుగ చేయడం రోమ్‌లో 4వ శతాబ్దంలో కనిపిస్తుంది. కొన్ని ఆర్థడాక్స్ చర్చిలు ఇప్పటికీ జనవరి 7న చేసుకుంటాయి.

ముస్లింలకు ఇది పూర్తిగా పరాయి కథ కాదు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) తండ్రి లేకుండా బీబీ మర్యంకి పుట్టారని ఖురాన్ చెబుతుంది. 19వ సూరాకి ఆమె పేరే ఉంది. ఖర్జూర చెట్టు కింద ఆమె పడ్డ ప్రసవ వేదన అందులో ఉంది. అయితే ఈసాను ప్రవక్తగా నమ్ముతారు తప్ప దేవుని కుమారుడిగా ముస్లింలు ఒప్పుకోరు. అంటే క్రిస్మస్ నడిబొడ్డున ఒక గట్టి విశ్వాసం ఉంది. కొందరికి అది ప్రాణం, మరికొందరు దాన్ని ఒప్పుకోలేరు. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

ఒకప్పుడు చేసుకుంటే జరిమానా

అమెరికాలో క్రిస్మస్ మొదటి నుంచీ ఉందనుకుంటారు చాలామంది. నిజం వేరు. మసాచుసెట్స్ ప్రాంతాన్ని ఏలిన ప్యూరిటన్ క్రైస్తవులు 1659లో క్రిస్మస్ జరుపుకోవడాన్నే నిషేధించారు. పట్టుబడితే 5 షిల్లింగులు జరిమానా. బైబిల్‌లో లేని పండుగ, తాగి తిరగడానికి సాకు అని వాళ్ల వాదన. ఆ చట్టాన్ని 1681లో ఎత్తేశారు. క్రిస్మస్‌ను ఆపింది అక్కడ వేరే మతం వాళ్లు కాదు, భక్తి ఎక్కువైన క్రైస్తవులే.

ఆ తర్వాత 1791లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించకూడదు, ఎవరి మత స్వేచ్ఛనూ అడ్డుకోకూడదు అన్నది దాని సారం. 1870లో అదే దేశం క్రిస్మస్‌ను రాజధానిలోని ఫెడరల్ ఉద్యోగులకు సెలవుగా చేస్తూ చట్టం చేసింది. ఒక చేతిలో మతం వద్దనే రాజ్యాంగం, ఇంకో చేతిలో మత పండుగకు సెలవు. ఈ రెండింటినీ ఎలా కలపాలన్నదే కోర్టుల ముందుకొచ్చిన తగాదా.

1,365 డాలర్ల బొమ్మలు

రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో పాటకెట్ అనే చిన్న సిటీ ఉంది. అక్కడి మునిసిపాలిటీ, బజారులోని వ్యాపారుల సంఘంతో కలిసి ఏటా ఒక పార్కులో క్రిస్మస్ అలంకరణ పెట్టేది. శాంటా ఇల్లు, బండి లాగే రెయిన్‌డీర్లు, క్రిస్మస్ చెట్టు, ఏనుగు, టెడ్డీబేర్, జోకర్ బొమ్మలు, వందల రంగు దీపాలు, పండుగ శుభాకాంక్షలు చెప్పే బ్యానర్. వీటి మధ్య పశువుల పాకలో బాల యేసు, మరియ, యోసేపుల బొమ్మలు.

ఆ పాక బొమ్మలను సిటీ 1973లో 1,365 డాలర్లకు కొన్నది. ఏటా పెట్టి తీసేయడానికి అయ్యే ఖర్చు 20 డాలర్లు. చూస్తే చిల్లర లెక్కే. కానీ ఆ డబ్బు ప్రజలు కట్టిన పన్ను. అందులో యూదుల పన్నూ ఉంది, దేవుణ్ణి నమ్మనివాళ్ల పన్నూ ఉంది. కొందరు సిటీవాసులు కోర్టుకెళ్లారు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది.

1984లో తీర్పు వచ్చింది. 5-4 తేడాతో సిటీ గెలిచింది. మెజారిటీ తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ వారెన్ బర్గర్ చెప్పింది ఏంటంటే, బొమ్మలను విడిగా కాకుండా మొత్తం అలంకరణలో భాగంగా చూడాలి. పండుగ ఎలా మొదలైందో చూపించడం మత ప్రచారం కాదు, దానికి లౌకిక ప్రయోజనం ఉంది. జస్టిస్ సాండ్రా డే ఓకానర్ ఇంకో కొలత ఇచ్చారు. ప్రభుత్వం చేసే పని, ఆ మతం కాని పౌరుడికి 'నువ్వు ఇక్కడ బయటివాడివి' అన్న సందేశం ఇస్తోందా లేదా అన్నది చూడాలన్నారు. ఈ కేసులో అలాంటి సందేశం లేదని ఆమె అభిప్రాయం.

పిట్స్‌బర్గ్ మెట్ల మీద

ఐదేళ్లకు ఇంకో కేసు వచ్చింది. పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్‌లో కౌంటీ కోర్టు భవనం లోపల, పెద్ద మెట్ల మీద, ఒక క్యాథలిక్ సంఘం ఇచ్చిన పశువుల పాకను పెట్టారు. పక్కన శాంటా లేడు, రెయిన్‌డీర్ లేదు. పైన దేవదూత చేతిలో దేవుణ్ణి కీర్తించే లాటిన్ మాటలు. అక్కడికి దగ్గర్లోనే ఇంకో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు, దాని పక్కన యూదుల పండుగకు సంబంధించిన 18 అడుగుల దీపస్తంభం మెనోరా, స్వేచ్ఛకు వందనం అంటూ ఒక బోర్డు పెట్టారు.

1989లో సుప్రీంకోర్టు కోర్టు మెట్ల మీది పాక రాజ్యాంగ విరుద్ధమని 5-4తో చెప్పింది. చెట్టు, మెనోరా, బోర్డు కలిసి ఉన్నది మాత్రం చెల్లుతుందని 6-3తో చెప్పింది. మొదటిదాంట్లో మత సందేశం తప్ప వేరే ఏమీ లేదు. రెండోది చలికాలపు పండుగల సంబరంలా కనిపిస్తోంది. తేడా అదే.

ఈ రెండు తీర్పులు కలిపి జనం సరదాగా 'రెయిన్‌డీర్ రూల్' అని పేరు పెట్టారు. ప్రభుత్వ స్థలంలో బాల యేసు ఉండాలంటే పక్కన శాంటా ఉండాలి!

గెలిచి ఓడినట్టు

సరదాగా ఉన్నా ఈ రూల్ అడిగే మూల్యం చిన్నది కాదు. పాటకెట్ కేసులో ఓడిన వైపున్న జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ ఆ మాటే రాశారు. సిటీ గెలిచింది గానీ, గెలవడం కోసం పవిత్రమైనదాన్ని మామూలు అలంకరణ వస్తువుగా చూపించాల్సి వచ్చిందన్నారు. క్రైస్తవులు దాని అసలు అర్థాన్ని గట్టిగా చెప్పుకోలేరు, క్రైస్తవులు కానివాళ్లకు తాము పరాయివాళ్లమన్న బాధ తప్పదు. ఇద్దరికీ నష్టమే అన్నది ఆయన వాదన.

క్రిస్మస్ సెలవు మీద కూడా ఇదే జరిగింది. ఫెడరల్ సెలవు రాజ్యాంగ విరుద్ధమని సిన్సినాటిలో ఒక లాయర్ వేసిన కేసును 1999లో అక్కడి ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కారణం, ఆ రోజుకు మతంతో సంబంధం లేని ప్రయోజనాలూ ఉన్నాయని. జనం కూడా అటే నడుస్తున్నారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2017 సర్వేలో అమెరికా పెద్దవాళ్లలో 90 శాతం క్రిస్మస్ జరుపుకుంటామన్నారు. ముఖ్యంగా మత పండుగగా జరుపుకుంటామన్నది 46 శాతమే.

ప్రభుత్వ గుమ్మం దాటి లోపలికి రావాలంటే పండుగ తన విశ్వాసాన్ని చెప్పులు విడిచినట్టు బయట విడిచి రావాలన్నమాట. మెజారిటీ మతానికే ఈ షరతు ఉంటే, మైనారిటీల పండుగకు ఏం జరుగుతుంది?

ఈద్ అడిగితే క్రిస్మస్ పేరు పోయింది

దీనికి మేరీల్యాండ్‌లోని మాంట్‌గమరీ కౌంటీ మంచి ఉదాహరణ. అక్కడి స్కూల్ క్యాలెండర్‌లో క్రిస్మస్‌తో పాటు యూదుల యోమ్ కిప్పూర్ పేరు ఉండేది. ఈదుల్ అజ్హా పేరు కూడా చేర్చమని ముస్లిం కుటుంబాలు ఏళ్లుగా అడిగాయి. 2014 నవంబర్‌లో స్కూల్ బోర్డు 7-1తో ఒక నిర్ణయం తీసుకుంది. ఈద్‌ను చేర్చలేదు సరికదా, క్యాలెండర్ నుంచి అన్ని మత పండుగల పేర్లూ తీసేసింది. సెలవులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అప్పట్లో క్రిస్మస్‌కు బడి మూత, ఈద్‌కు బడి తెరిచే.

తాము అడిగింది ఇది కాదని ముస్లిం సంఘాలు మొత్తుకున్నాయి. వాళ్లు ఎవరి పేరూ తీయమనలేదు, తమ పేరు కలపమన్నారు. సమానత్వం అంటే అందరి పేర్లూ చెరిపేయడం అని బోర్డు అర్థం చేసుకుంది. కానీ పేరు చెరిపేసినంత మాత్రాన ఎవరికి సెలవుందో, ఎవరికి లేదో పిల్లలకు తెలియకుండా పోతుందా?

2015లో న్యూయార్క్ సిటీ ఇంకో దారి పట్టింది. మేయర్ బిల్ డి బ్లాసియో రెండు ఈద్‌లనూ ప్రభుత్వ స్కూళ్ల సెలవుల్లో చేర్చారు. అప్పట్లో 11 లక్షల మంది పిల్లలు చదివిన వ్యవస్థ అది. అక్కడ క్రిస్మస్‌కేమీ తగ్గలేదు. ఒకరి పేరు కలిస్తే ఇంకొకరి పేరు పోవాల్సిన పనిలేదని తేలింది.

అయితే ఈ మధ్య చట్టం కొంత మారింది. ఆట అయ్యాక మైదానంలో ప్రార్థన చేసిన ఒక స్కూల్ ఫుట్‌బాల్ కోచ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు 6-3తో కోచ్ వైపు నిలిచింది. బయటివాడన్న సందేశం ఉందా అన్న ఓకానర్ కొలతను పక్కనపెట్టి, దేశ చరిత్ర, ఆచారం ఏం చెబుతున్నాయో చూడాలంది. పాత ఆచారం ఉన్న క్రిస్మస్‌కు ఈ కొలత తేలిక. ఆ దేశంలో కొత్తగా బయటికి కనిపిస్తున్న ఈద్‌కు అంత తేలిక కాకపోవచ్చు. కాబట్టి ఇప్పుడు కోర్టుతో పాటు, న్యూయార్క్‌లోలాగా స్థానికంగా అడిగి సాధించుకోవడం మీద కూడా దృష్టి పెట్టాలి.

మన దగ్గర దారి వేరు

తెలుగు రాష్ట్రాల వాళ్లకు ఇదంతా వింతగా అనిపించొచ్చు. ఎందుకంటే ఇక్కడ సెక్యులర్ అంటే ప్రభుత్వం అన్ని పండుగల్లోనూ ఉంటుందని అలవాటు. తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో రంజాన్‌కు ప్రభుత్వ ఇఫ్తార్ దావత్, అదే స్టేడియంలో క్రిస్మస్ విందు జరిగాయి. పేద ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు బట్టలు, బతుకమ్మకు చీరలు పంచారు. అమెరికా తరహాలో 'ఏ మతమూ వద్దు' కాదు, 'అందరికీ ఇంత' అన్నది ఇక్కడి లెక్క.

ఇందులో పేద కుటుంబానికి గౌరవం ఉంది, అది చిన్న విషయం కాదు. కానీ ఇక్కడ కూడా ఒక మూల్యం ఉంది. ముఖ్యమంత్రి కేక్ కోసే ఫోటోలో పండుగ కన్నా ముఖ్యమంత్రే పెద్దగా కనిపిస్తారు. ప్రభుత్వం పిలిచిన పండుగకు ప్రభుత్వమే దుల్హా అవుతుంది. పైగా ఇచ్చే చెయ్యి రేపు ఇవ్వకపోతే అడగడానికి హక్కు ఏదీ మిగలదు. దావత్ దయ మీద నడుస్తుంది. సెలవు, ప్రార్థనా స్వేచ్ఛ చట్టం మీద నడవాలి.

నానీకి జవాబు

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. స్కూల్లో క్రిస్మస్ పాట గురించి 1980లోనే అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ స్కూళ్ల కేసు అది. మత నేపథ్యం ఉన్న పాటలను చదువులో, సంస్కృతిలో భాగంగా నేర్పొచ్చు, ఆరాధనలా చేయించకూడదు అన్న స్కూల్ నియమాన్ని కోర్టు ఒప్పుకుంది. ఆ నియమంలోనే ఇష్టం లేని పిల్లలకు మినహాయింపు కూడా ఉంది.

అంటే తల్లిదండ్రులు టీచర్‌తో ముందే, మర్యాదగా మాట్లాడొచ్చు. ఏ పాటలున్నాయో అడగొచ్చు. ఒక పాట తమ అఖీదాకు విరుద్ధమనిపిస్తే పిల్లను దానికి దూరంగా ఉంచమని కోరొచ్చు. దీనికి సిగ్గుపడాల్సింది లేదు, క్రిస్మస్‌ను తప్పుపట్టాల్సిన అవసరమూ లేదు.

పక్కింటి క్రైస్తవ కుటుంబం ఇంటిమీద స్టార్ కట్టుకోవడం, చర్చిలో రాత్రంతా ప్రార్థన చేసుకోవడం, తమ సొంత స్థలంలో పాక పెట్టుకోవడం, వీటిలో దేన్నీ ఆ కోర్టులు ఏనాడూ తప్పనలేదు. కట్టడి ప్రభుత్వానికే, భక్తుడికి కాదు. సొంత ఖర్చుతో, సొంత గుమ్మం ముందు పెట్టుకున్న పాకలో బాల యేసుకు శాంటా తోడు అక్కర్లేదు. అక్కడ ఆ బొమ్మ ఏం చెప్పాలనుకుంటుందో అదే చెబుతుంది. ఈద్ రోజు ముస్లిం ఇంటి గుమ్మానికి కట్టే నెలవంక దీపానికీ అదే చట్టం కాపలా.